మూడున్నర మూరల యుద్ధం

ధూమ్రకేశి నా పెరట్లో మూడున్నర మూరల నేల కాజేశాడు. ఇందులో వాదన లేదు. నేను కొలిచాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ మూడున్నర మూరలే వచ్చింది. వాడు మాంత్రికుడు కాబట్టి కాజేశాడని కొందరంటారు. తప్పు. వాడు పక్కింటివాడు కాబట్టి కాజేశాడు. మంత్రం తర్వాత వచ్చింది.

నా పేరు దుగ్గన. కనకగిరి రాజ్యానికి తూర్పు కొసన చిట్టచివరి ఇల్లు నాది. నా పెరటి దడి దాటితే నీలధ్వజ రాజ్యం. అందులో మొట్టమొదటి ఇల్లు ధూమ్రకేశిది. అంటే మా ఇద్దరి మధ్య ఉన్న దడే రెండు రాజ్యాలకూ సరిహద్దు. దానికి అంత గౌరవం ఉందని మాకు చాలాకాలం తెలియదు. దాని మీద నా భార్య నాంచారి తడిబట్టలు ఆరేసేది.

అది తాటాకు దడి. ఏటా వానలకు ముందు పాతది విప్పి కొత్తది కట్టాలి. దడి కట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. లోపల ఒకరు, బయట ఒకరు నిలబడాలి. లోపలివారు నారను ఆకుల మధ్య నుంచి అవతలికి దూరిస్తే, బయటివారు లాగి, బిగించి, మళ్ళీ ఇవతలికి దూర్చాలి. ఇరవై రెండేళ్ళు నేను లోపల, నాంచారి బయట. ఆమె చనిపోయిన ఏడు బయట నిలబడే మనిషి లేకపోయింది. పక్కింటివాణ్ణి పిలవడానికి నాకు నోరు రాలేదు. దడి వాలిపోయింది. అప్పుడు ధూమ్రకేశి వచ్చి, "నీకెందుకయ్యా దుగ్గనా ఈ శ్రమ? నేను ప్రాణమున్న కంచె వేస్తాలే" అన్నాడు. సరే అన్నాను. నా జీవితంలో నేను చేసిన తప్పు అదొక్కటే.

వాడు నాటింది నాగజెముడు. అయితే మన గుట్టల మీద పెరిగే నాగజెముడు కాదు. దాని పలకలు పచ్చలు తాపడం చేసిన డాలుల్లా ఉండేవి. ముళ్ళు వెండి సూదుల్లా తళతళలాడేవి. మాణిక్యాల రంగు పువ్వులు వరసగా విచ్చుకునేవి. ప్రతి పువ్వు నడుమా తేనెరంగు కన్ను ఒకటి రెప్పలార్పుతూ ఉండేది. చూసినవాళ్ళు ఎంత అందమో అనేవారు. వాళ్ళ పెరళ్ళు దాని పక్కన లేవు. నేను చూస్తున్నంతసేపూ అది కదలదు. మధ్యాహ్నం భోజనం చేసి నేను కునుకు తీయగానే, వాగు దాటే ఆడవాళ్ళు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్నట్టు వేళ్ళు పైకి ఎత్తి పట్టుకుని, బెత్తెడు ఇవతలికి జరిగేది. నేను లేచేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది.

అలా పోయిన మూడున్నర మూరల్లో నాంచారి రోలు ఉంది. నల్లరాతి రోలు. సగం దాకా భూమిలో పాతింది. మా రాజ్యంలో పాతిన రోలును పెకలించరు. పెకలిస్తే ఆ ఇంటి ఇల్లాలిని బయటికి గెంటినట్టే. కనుక రోలు నా దగ్గరికి రాదు. హద్దే రోలు దాటి వెనక్కి పోవాలి. ఒకనాడు కంచె సందులోంచి చూశాను. ఆ రోట్లో ధూమ్రకేశి తొండల తోకలు నూరుతున్నాడు.

ఆ పూటే తలపాగా చుట్టుకుని రాజధానికి బయలుదేరాను.

కనకగిరి రాజసభను వర్ణించాలంటే ఒక రోజు పడుతుంది. నూరు స్తంభాలు, నూటికి నూరూ బంగారు తొడుగులవి. పైకప్పున నక్షత్రాలకు బదులు నీలాలు పొదిగారు. నెమలీకల వింజామరలు వీస్తుంటే కస్తూరి పరిమళం అలలు అలలుగా వచ్చి మొహానికి తగిలేది. నడుమ సింహాసనం మీద ఉగ్రతేజ మహారాజు దానిమ్మకాయ ఒలుచుకుంటున్నాడు. పేరే ఉగ్రతేజుడు. గింజ చిట్లితే ఉలిక్కిపడేవాడు.

"ప్రభూ, తమ రాజ్యం మూడున్నర మూరలు తగ్గింది" అన్నాను.

"ఎవరు తగ్గించారు?"

"పక్కింటివాడు."

"నా పక్కింటివాడా, నీ పక్కింటివాడా?"

"ఇద్దరికీ వాడే ప్రభూ."

రాజు దానిమ్మ పక్కన పెట్టాడు. ముసలి మంత్రి గడ్డం నిమురుకుంటూ లేచాడు. "సేనలను పంపుదామా మహారాజా?"

"మూడున్నర మూరల్లో ఏనుగు పడుతుందా?"

"పొడుగ్గా నిలబెడితే తొండం పడుతుంది ప్రభూ."

"అయితే యుద్ధం వద్దు" అని రాజు మళ్ళీ దానిమ్మ అందుకున్నాడు.

నేను కదలలేదు. కదలకపోవడం నాకు బాగా వచ్చు. కాసేపటికి నన్ను చూసి చూసి విసుగెత్తి, మంత్రి పాత శాసనమొకటి తెప్పించి చదివాడు. దాని పేరు హద్దునడక. సరిహద్దు మీద తగవు వస్తే, నేల పోయిందన్నవాడు ఎర్రబట్ట కట్టాలి. ఎర్రగన్నేరు దండ వేసుకోవాలి. పోయిన నేలలోని మట్టిపెళ్ళను నెత్తిన పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. వాడు నడిచిన దారే హద్దు. పెళ్ళ జారినా, నోట ఒక్క మాట వచ్చినా ఓడినట్టే. అప్పుడు ఎదుటివాడి కంచె ఎక్కడుంటే అదే హద్దు, ఎప్పటికీ. ఎదుటివాడు నడిచేవాణ్ణి ముట్టుకోకూడదు. తక్కినవేమైనా చేయవచ్చు.

"తక్కినవంటే ఏమిటండీ?" అన్నాను.

"అది ఎదుటివాడి తెలివిని బట్టి" అన్నాడు మంత్రి.

రాజు నా వంక జాలిగా చూశాడు. "నువ్వు మాట్లాడకుండా ఉండగలవా?"

"నాలుగేళ్ళుగా నాకు అదే పని ప్రభూ."

నడకకు రోజు పెట్టారు. నీలధ్వజ రాణి మేఘావళికి కబురు వెళ్ళింది. మట్టిపెళ్ళే చిక్కు. పోయిన నేల ఇప్పుడు ధూమ్రకేశి పెరట్లో ఉంది. అడిగితే ఇవ్వడు. అడగను కూడా.

మర్నాడు పొద్దున్నే నాంచారి పాత చీరల్లో ఒకటి కట్టుకుని, ముక్కు దాకా కొంగు లాక్కుని, చంకన బుట్ట పెట్టుకుని, సోదెమ్మ వేషంలో నీలధ్వజ రాజ్యంలోకి అడుగు పెట్టాను. చుట్టు తిరిగి వెళ్ళేసరికి జాము పొద్దెక్కింది. ధూమ్రకేశి పెరట్లో, రోటి దగ్గరే, పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. వాడి నెత్తిన వెంట్రుకలుండవు. పొగ ఉంటుంది. సంతోషంగా ఉంటే తెల్లపొగ, కోపమొస్తే నల్లపొగ. అప్పుడు తెల్లగా, పాయలు పాయలుగా లేస్తోంది.

"సోది చెబుతానయ్యో సోది" అన్నాను గొంతు సన్నం చేసి.

"ఇట్రా సోదెమ్మా. కూర్చో."

"ఏం నూరతన్నావు దొరా?"

"తొండ తోకలు. జ్వరానికి."

"జ్వరం ఎవరికొచ్చింది?"

"ఇంకా రాలేదు. ఎవరికి తెప్పించాలో ఆలోచిస్తున్నా." వాడు చేతులు తుడుచుకుని అరచేయి చాచాడు. "నా పక్కింట్లో దుగ్గన అని ఒక మొండిఘటం ఉన్నాడు. హద్దునడక పెట్టించాడు. గెలుస్తాడా? చూసి చెప్పు."

నేను వాడి చేయి పట్టుకుని రేఖలు చూసినట్టు చూశాను. "మంచి మనిషి. ధర్మాత్ముడు. రూపసి."

"నేనా?"

"నువ్వు కాదు దొరా. పక్కింటాయన."

"వాడి రూపం నా చేతిలో ఎందుకుందే?"

"ఆయన నేల నీ చేతిలో ఉంది గదా. దాంతోబాటు వచ్చినట్టుంది."

పొగలో ఒక పాయ నల్లబడింది. అయినా వాడు చేయి వెనక్కి తీసుకోలేదు. పైగా నిట్టూర్చాడు. "నీకు తెలీదమ్మా వాడి సంగతి. వాడి సొరపాదు నా ఇంటి కప్పెక్కింది. కోసుకో అంటాడేమోనని మూడేళ్ళు చూశా. అనడు. కాయలు కప్పు మీదే ఎండిపోయి ఒకటి దబ్బున నా నెత్తిన పడింది. వాడి పెళ్ళాం ఉన్నప్పుడు దడి మీంచి బాగున్నావా అన్న మాటైనా వినబడేది. ఇప్పుడు గొంతు సవరించుకోవడం కూడా వాడు అటు తిరిగి సవరించుకుంటాడు. మనిషి పక్కన మనిషి ఉన్నట్టుందా ఇది?"

సొరపాదు దాని ఇష్టమొచ్చినచోటికి పోతుంది.

"అమ్మ పలకాలంటే రోటి మొదట మట్టిపెళ్ళ ఒకటి నా బుట్టలో పడాలి దొరా" అన్నాను.

వాడే వంగాడు. వాడే గునపం తీసుకున్నాడు. కొబ్బరికాయంత పెళ్ళను చెక్కుచెదరకుండా తవ్వి, నా బుట్టలో పెట్టి, రెండు చేతులా దణ్ణం కూడా పెట్టాడు. అంత తేలిగ్గా అయిపోయిన పని నా జన్మలో మరొకటి లేదు.

లేవబోతుంటే రోట్లోంచి తొండపొడి ఎగిరి నా ముక్కులో దూరింది. తుమ్మాను. నా తుమ్ము నాలుగు ఊళ్ళకు తెలుసు. కొంగు జారింది. మీసం బయటపడింది.

"దుగ్గనా!" అని వాడు, కుప్పలో నిప్పు పడ్డట్టు, నల్లపొగ గుప్పుమనిపించాడు.

పరుగెత్తాను. రోకలి గాల్లోకి లేచి వెంటపడింది. పెరట్లో ఎండబెట్టిన తేళ్ళన్నీ ప్రాణం పోసుకుని బిలబిలమంటూ కదిలాయి. చాట ఒకటి గద్దలా రెక్కలు చాపి నెత్తి మీద తిరిగింది. ముందు చూస్తే కంచె. నా కోడిపెట్ట దూరే కంత ఒకటి దాని అడుగున ఉందని నాకు తెలుసు. బుట్ట ముందు తోసి తల దూర్చాను. వెనక చీరను ముళ్ళు పట్టుకున్నాయి. మెడ తిప్పి కంచె కళ్ళలోకి సూటిగా చూశాను. చూస్తే కదలదు కదా. బిగుసుకుపోయింది. చీర విప్పేసి, గోచీతో, నా పెరట్లోకి దొర్లాను. రోకలి వచ్చి కంచెకు గుచ్చుకుని ఊగుతూ ఉండిపోయింది.

పెళ్ళ చెక్కుచెదరలేదు. నాంచారి చీర మాత్రం అటువైపు ఉండిపోయింది. అది కూడా వాడి ఖాతాలోనే రాసుకున్నాను.

నడక రోజు వచ్చింది. ఇటువైపు ముత్యాల గొడుగు కింద ఉగ్రతేజ మహారాజు, అటువైపు నెమలిపింఛాల పందిరిలో మేఘావళి రాణి. ఆమె రేగుపళ్ళు తింటూ గింజలు మా రాజ్యంలోకి ఊస్తోంది. రెండు రాజ్యాల జనం చెట్లెక్కి కూర్చున్నారు. భేరీలు మోగాయి. ఎర్రబట్ట కట్టాను. గన్నేరు దండ మెడలో పడింది. మంత్రి మట్టిపెళ్ళను నా నెత్తిన పెట్టాడు. ఇప్పచెట్టు దగ్గర మొదలుపెట్టి వాగు దాకా నూట ఇరవై అడుగులు. పాత దడి గుంజల ఆనవాళ్ళ మీదుగా నడవాలి. ధూమ్రకేశి కంచె పక్కకు తప్పుకుంది, రాజాజ్ఞ కాబట్టి. దాని కళ్ళన్నీ నా మీదే.

పదో అడుగున పెద్దపులి దూకింది. కొండగుహ లాంటి నోరు, కాగడాల్లాంటి కళ్ళు, ఉరుము లాంటి గాండ్రింపు. చెట్ల మీది జనం సగం మంది రాలిపడ్డారు. నేను చూశాను. పులికి నీడ లేదు. తోక దాటి ముందుకు నడిచాను.

ముప్పయ్యో అడుగున ఆకాశం నుంచి వజ్రాల వాన కురిసింది. వంగితే పెళ్ళ జారుతుంది. వంగలేదు. మా రాజు వంగాడు. వజ్రాలు గులకరాళ్ళయ్యాయి.

యాభయ్యో అడుగున మా అత్తగారు ప్రత్యక్షమైంది. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమయ్యా అల్లుడా! నా బిడ్డను ఈ ముళ్ళకంపల్లోకి తెచ్చిపడేశావు. ఒక్క పండక్కి పుట్టింటికి పంపావా? నోట్లో నాలుక లేదా? నిన్నే అడుగుతుంటా!" అని చెడామడా తిట్టింది. అచ్చం ఆమె గొంతే. ధూమ్రకేశి పనితనం మెచ్చుకోవాలి. కాని ఆమె బతికున్నప్పుడు కూడా నేనెప్పుడూ జవాబు చెప్పలేదు.

ఎనభయ్యో అడుగున వాడు మంత్రాలు మానేశాడు. నా పక్కనే, ముట్టుకోకుండా, నాతోపాటు నడుస్తూ, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "నీ సొరకాయలు చేదు, దుగ్గనా."

నా దవడ బిగిసింది.

"ఒకటి వండి చూశా. పశువు కూడా ముట్టలేదు."

పెళ్ళ ఊగింది. జనం హాహాకారాలు చేశారు. మా రాజు కళ్ళు మూసుకున్నాడు. నా సొరకాయలు చేదు కావు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు మింగాను. అంతకన్నా కష్టమైనదాన్ని నేనెన్నడూ మింగలేదు. నడిచాను. తొంభై. నూరు. నూట పది. ఇంకో పది అడుగుల్లో వాగు. మా పక్క భేరీలు ఎత్తి సిద్ధంగా పట్టుకున్నారు.

నా కుడిచేతి పక్కన రోలు.

రోటి ముందు నాంచారి కూర్చుని ఉంది.

రెండు మోకాళ్ళ మధ్య రోకలి, జారిన కొప్పు, ముంజేతి మీద కారం మరక. గోంగూర నూరుతోంది. ఆమె వండేటప్పుడు రుచి చూడదు. వాళ్ళ ఇంటి ఆచారం. చూస్తే వంట ఎంగిలవుతుందని వేలు కూడా నాకదు. నూరడం కాగానే ఇంత ఉండ చేసి నా అరచేతిలో పెట్టి అడిగేది. రోజూ అడిగేది. ఇరవై రెండేళ్ళలో నేను ఒకే జవాబు చెప్పాను. చాలదు. సరిపోయిన రోజు కూడా చాలదనే అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆమె మారు మాట్లాడకుండా ఇంకో చిటికెడు వేసేది. ఆనక అన్నంలో అది ఎక్కువయ్యేది. ఇద్దరం అలాగే తినేవాళ్ళం.

ఆమె తలెత్తింది. వేళ్ళ కొసన పచ్చడి ఉండ పట్టుకుని నా వైపు చాచింది.

"ఉప్పు చూడు" అంది.

నేను నీడ కోసం చూశాను. నీడ ఉంది.

"సరిపోయింది" అన్నాను. రుచి చూడకుండానే అన్నాను.

పెళ్ళ నెత్తి మీంచి జారి కాళ్ళ దగ్గర ముక్కలైంది. అటువైపు రాజ్యమంతా ఈలలు వేసింది. ఇటువైపు ఒక్కరూ కదల్లేదు. నాంచారి ఉండను మళ్ళీ రోట్లో వేసి, చేయి కొంగుకు తుడుచుకుంది. రోటి పక్కన నేల మీద తలుపు ఉన్నట్టు, దాన్ని ఒక చేత్తో పైకెత్తి, లోపలికి దిగిపోయింది. కింద నుంచి గాజుల చప్పుడు వినబడింది.

ఈలలు ఆగిపోయాయి. నేను ధూమ్రకేశి వైపు చూశాను. వాడి నెత్తి మీద పొగ లేదు. నున్నటి గుండు. పెదవులు పాలిపోయాయి.

"పులి నాది" అన్నాడు. "వజ్రాలు నావి. మీ అత్తగారు నాది. ఇది నాది కాదు దుగ్గనా. ఒట్టు. ఇది నేను చెయ్యలేదు."

రోలు చుట్టూ నేల గుడగుడమంటూ కుంగసాగింది. ఆ నల్లరాయి లోపల ఎర్రటి వెలుతురు పుట్టింది. కంచె అది చూసింది. అంతే, రాజూ రాణీ, ఇరవై వేల మందీ చూస్తుండగానే, సిగ్గు విడిచి, వేళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నీలధ్వజంలోకి పరుగు లంకించుకుంది. ధూమ్రకేశి ఇల్లు దాటింది. జొన్నచేలు దాటింది. అది ఎక్కడుంటే అదే హద్దు కదా. రాణి పందిరి దిగి, చెప్పులు విడిచి, "పట్టుకోండి! నా రాజ్యం పోతోంది, పట్టుకోండి!" అంటూ దాని వెనకాల పడింది. ఆమె వెనక సేనాపతి, ఆయన వెనక కొలకర్రలు పట్టుకున్న అధికారులు. మా రాజుకు ఏం జరిగిందో అర్థమయ్యేసరికి కనకగిరి రెండు పల్లెలు, ఒక చెరకుతోట పెరిగింది.

ధూమ్రకేశి నా ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. కుంగుతున్న నేల వాడి పంచె అంచు దాకా వచ్చింది.

"దుగ్గనా, నీ మూడున్నర మూరలు తీసుకో. నా పెరడు ఏడు మూరలూ తీసుకో. చీర ఉతికి మడిచి పెట్టా, తెచ్చిస్తా. ఆ కిందికి పోకు. నలభై ఏళ్ళు మంత్రాలు చదివినవాణ్ణి చెబుతున్నా, పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. నాతో మాట్లాడు. ఒక్క మాట. హద్దు ఎక్కడ పెడదామో నువ్వే చెప్పు!"

నాలుగేళ్ళుగా వాడి నోటి నుంచి నేను వినాలనుకున్న మాట అది. విన్నాను.

గన్నేరు దండ తీసి వాడి చేతిలో పెట్టాను. నేల మీది తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపల రాతిమెట్లు. ఏడో మెట్టు మీద తడి అడుగు ఒకటి, ఎనిమిదో మెట్టు మీద ఇంకొకటి. ఆ కింద ఏదో పెద్ద ప్రాణి ఊపిరి పీల్చి వదులుతోంది. దానికి ఇవతలగా గాజులు ఇంకా వినిపిస్తున్నాయి, దూరమవుతూ. ఎర్రబట్ట బిగించి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

"హద్దు, దుగ్గనా! హద్దు సంగతి చెప్పి పో!" అని పైనుంచి వాడు అరుస్తున్నాడు.

హద్దు గురించి నేను ఆనాడు చెప్పలేదు. ఇక చెప్పను. వాడితో కాదు, ఏ రాజుతోనూ కాదు, ఎవరడిగినా సరే, దాని గురించి నా నోట ఇంకొక్క మాట రాదు.